పాపాయి ఆముదం, తాతగారి ఇంజన్

ఆ రోజుల్లో నాకు లేనిది కుదురొక్కటే. మిగతావన్నీ ఉన్నాయి. మెకానికల్‌లో ఎమ్మెస్ డిగ్రీ, వర్జీనియాలో ఉద్యోగం, హెర్న్‌డన్‌లో అక్కా బావల ఇంట్లో ఒక గది, తుప్పు పట్టినా నడిచే ఒక కారు. ఇన్ని ఉన్నవాడు హాయిగా గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవాలి కదా? నేను కాలు కాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. ఆఫీసులో నా పని, పెద్ద పెద్ద పైపుల్ని వేలాడదీసే ఇనుప కొక్కేల బొమ్మలు గీయడం. ఏడాదిన్నరపాటు కొక్కేలే గీశాను. వాటిలో ఒక్కటైనా నిజంగా తయారై ఎక్కడైనా ఒక పైపును మోసిందో లేదో ఇవాళ్టికీ నాకు తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ ఛానెళ్ళు తిప్పేవాణ్ణి, కిటికీ తెరిచేవాణ్ణి, మూసేవాణ్ణి, ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి చూసి మళ్ళీ వేసేవాణ్ణి. (లోపల ఏముందో నాకు తెలుసు. పొద్దున ఉన్నదే ఉంటుంది.) "ఒరేయ్, కాసేపు కూర్చోరా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది అక్క. "పెళ్ళయితే అదే కుదురొస్తుందిలే" అనేవాడు బావ, పేపర్‌లోంచి తలెత్తకుండా. ఆయనకి పెళ్ళి వల్ల వచ్చినది కుదురో, పేపరో నాకు అర్థమయ్యేది కాదు.

ఎనభైలు మొదలైన కొత్తల్లో ఒక ఆదివారం, ఇంట్లో ఉండలేక కారేసుకుని ఆష్‌బర్న్ వైపు పోయాను. అప్పుడక్కడ మొక్కజొన్న చేలు, ఆవులు, ఒక రైలు పట్టా తప్ప ఏమీ లేవు. ఒక రేకుల షెడ్డులోంచి ముసలి గుర్రం దగ్గుతున్నట్టు చప్పుడు వినిపిస్తే ఆగాను. లోపల అరవై దాటిన ఒక తెల్లాయన, 1931 నాటి కారు ముందు వంగి ఉన్నాడు. ఆ కారుకి టాపు లేదు, చక్రాల మీద రేకుల్లేవు, ముందు మూత లేదు, ఇంజన్ ఒక్కటే గర్వంగా నిలబడి ఉంది. పాత కార్లను ఇలా విప్పి, ఇంజన్లకు బలం పెంచి, వేగంగా తోలే పిచ్చి ఆ దేశంలో చాలామందికుంది. అయితే అందరూ ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు పెడితే, ఈయన పాత నాలుగు సిలిండర్లదే పట్టుకుని కూర్చున్నాడు. "నాలుగు చాలు. మిగతా నాలుగూ బద్ధకస్తుల కోసం" అన్నాడు. (ఆయన మాటలన్నీ ఇంగ్లీషే. నాకు గుర్తున్నది మాత్రం మన మాటల్లోనే.) నేను మెకానికల్ ఇంజనీర్‌నని చెప్పుకున్నాను. "అయ్యో పాపం" అని, నా చేతికి ఒక బ్రష్షూ, కిరోసిన్ తొట్టీ ఇచ్చాడు. ఆరోజు నుంచి ఆయన నన్ను 'ఇంజనీర్' అనే పిలిచాడు, మనవాళ్ళు మాట వినని దూడను 'మహారాజా' అని పిలిచినట్టు. నేను మనసులో ఆయన్ని 'తాత' అనుకునేవాణ్ణి.

ఆరు నెలలు కడిగాను. డిగ్రీ ఉన్నవాణ్ణి, ప్రతి శనివారం నట్లూ బోల్టులూ తోముతూ అంట్ల గిన్నెల ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆ తర్వాత ఒకరోజు తాత బేరింగులు గీకే పని చేతిలో పెట్టాడు. పాత ఇంజన్లలో ఇరుసు తిరిగే చోట మెత్తటి తెల్లటి లోహం కరిగించి పోస్తారు. ఇరుసుకి నీలి రంగు పూసి, అందులో పెట్టి ఒకసారి తిప్పి తీస్తే, ఎక్కడ ఎక్కువ ఒరుసుకుంటోందో అక్కడ నీలం అంటుకుంటుంది. ఆ నీలం అంటిన చోటును మాత్రం చేతి ఉలితో, వెంట్రుక మందంలో సగం గీకాలి. మళ్ళీ రంగు, మళ్ళీ తిప్పడం, మళ్ళీ గీకడం. ఒక్కో బేరింగుకి ఇలా నలభై యాభై సార్లు. ఆశ్చర్యం ఏమిటంటే, ఎప్పుడూ ఆడే నా కాలు అక్కడ మాత్రమే ఆగేది. గంటలు తెలిసేవి కావు. తాత పక్కనే స్టూలు మీద కూర్చుని తన రోజుల కబుర్లు చెప్పేవాడు. చేతులు కుదురుగానే ఉన్నా చెవులకి ఆ అలవాటు ఇంకా రాలేదు కాబట్టి నేను ప్రతి కథా సగమే వినేవాణ్ణి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

వసంతం రాగానే, ఒక రైతు పొలంలో ఉన్న కొండ మీదికి పాత నాలుగు సిలిండర్ల కార్ల పందెం పెట్టారు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రెండుసార్లూ కొండ ఎక్కాలి. ఇంజన్ బిగింపు దాదాపు పూర్తయింది. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్లు రెండు, బరువు తగ్గించిన ఫ్లైవీలు చక్రం, సిలిండర్ల మీదికి కొత్త మూత, నేను గీకిన బేరింగులు. తాత నాతో అన్నాడు: "ఇది రెండుసార్లూ కొండెక్కితే, తర్వాతి ఇంజన్ మొత్తం నువ్వే కడతావు. ఎక్కకపోతే మళ్ళీ కడుగుడు బల్ల." నా జీవితంలో అంతకుముందు ఏ పరీక్షకీ నాకు అంత భయం వేయలేదు, అంత ఆశా కలగలేదు. కొక్కేలు గీసే మనిషిగా మిగిలిపోతానా, లేక నా చేతులతో ఒక ప్రాణమున్న వస్తువును తయారు చేస్తానా అన్నది ఆ కొండ మీదే ఉందనిపించింది. అంతలో తాత చెల్లెలికి కంటి ఆపరేషనని పెన్సిల్వేనియా వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ, "ఇంజన్లో నూనె సగమే పోశాను. మిగతాది శుక్రవారం నేనే తెస్తాను. అప్పటిదాకా స్టార్ట్ చెయ్యకు. ఊరికే కూర్చో" అన్నాడు. నన్ను! ఊరికే కూర్చోమని!

ఇక్కడ మా పెద్దమ్మ కథలోకి రావాలి. అక్క పురుటికని తెనాలి నుంచి వచ్చిందావిడ. పాపాయికి అప్పటికి నెల నిండింది. పెద్దమ్మ తనతో రెండు లీటర్ల డబ్బా నిండా వంటాముదం తెచ్చింది. గింజలు తనే వేయించి, దంచి, కాచి, తేట తీసి, మూతకి గుడ్డ చుట్టి, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. రోజూ పాపాయికి దానితోనే ఒంటికి మర్దనా. ఇంకెవరూ ఆ డబ్బా ముట్టుకోకూడదు. బావ ఒకసారి తన మడమలకి రాసుకోబోతే, "అది పసిదాని నూనె నాయనా, నీకెందుకు, నువ్వు పెరిగావుగా" అని లాక్కుంది.

బుధవారం సాయంత్రానికి నా ఓపిక అయిపోయింది. తాత చెప్పిన ఒక కథ గుర్తొచ్చింది. వాళ్ళ కుర్రతనంలో పందెం కార్లలో ఆముదం పోసేవాళ్ళట, దాన్ని మించిన నూనె లేదట. నాకు వినబడినంతవరకు కథ అంతే. ఇంకేం, ప్రపంచంలోకెల్లా మేలైన ఆముదం మా వంటింటి గట్టు మీద ఉంది! పాపాయి మూరెడు ఉంటుంది, దానికెంత నూనె కావాలి? (దొంగకి ఎప్పుడూ లెక్క సరిగ్గానే వస్తుంది.) డబ్బా కారులో పెట్టుకుని షెడ్డుకెళ్ళి, ఉన్న నూనెలోనే మొత్తం వంపేశాను. స్టార్ట్ చేశాను. ఎంత మెత్తగా తిరిగిందనుకున్నారు! చప్పుడు లేదు, వణుకు లేదు. గంటన్నర దాని పక్కన నిలబడి మురిసిపోయాను. పొగ గొట్టంలోంచి మాత్రం మా ఇంటి పురిటిగది వాసన వచ్చింది.

ఇంటి దగ్గర రెండు రోజులు వెతుకులాట. "గట్టు మీద పెట్టిన డబ్బా కాళ్ళొచ్చి పోయిందా?" అంది పెద్దమ్మ. అనుమానం బావ మీదికి పోయింది, మడమల కేసు ముందే ఉంది కాబట్టి. "నాకేం తెలుసు అత్తయ్యా, ట్రాష్ కూడా నేను చెక్ చేశాను" అన్నాడు పాపం. "చెక్ చేశావో, నువ్వే పారేశావో" అంది అక్క. నేను నోట్లో ముద్ద పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ నేరం ఆయన మోశాడు, నేను మోయనిచ్చాను.

శనివారం కొండ దగ్గరికి మా ఇల్లంతా కదిలింది. పులిహోర పొట్లాలు, దుప్పట్లు, పాపాయి బుట్ట, పెద్దమ్మ స్వెటర్ మీద చీర కొంగు. ముందురోజు రాత్రి పొద్దుపోయి ఊరి నుంచి వచ్చిన తాత, తెచ్చిన నూనె పోయబోతూ కొలిచే పుల్ల తీసి చూశాడు. నిండుగా ఉంది. నావైపు చూశాడు. నేను బూట్లవైపు చూసుకున్నాను. ఇంజన్ స్టార్ట్ అయింది, నీలం పొగ గాల్లోకి లేచింది. ఒక్క నిమిషంలో పొలం నలుమూలల నుంచి ముసలాళ్ళు చేతికర్రలతో సహా లేచి రావడం మొదలెట్టారు. ఒకాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "నలభై ఏళ్ళయింది ఈ వాసన చూసి" అని ఇంకొకాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఛాతీ విరవబోతున్నాను. అంతలో వెనకనుంచి తెనాలి గొంతు పొలమంతా మోగింది: "ఒరేయ్! అది మన ఆముదం వాసనరా! పాపాయి ఆముదంరా అది! ఓరి నీ ఇల్లు బంగారం గాను, బిడ్డకి రాసేది బండికి తాగిస్తావా!"

బావ మొహంలో రెండు రోజుల తర్వాత మొదటిసారి వెలుగు వచ్చింది. "నేను చెప్పలా?" అన్నాడు, ప్రత్యేకంగా ఎవరితోనూ కాకుండా. "ఆవిడ ఏమంటోంది?" అన్నాడు తాత. చెప్పాను. ఆయన పెద్దమ్మవైపు తిరిగి టోపీ తీసి తల వంచాడు. "ఏమంటాడ్రా?" అంది పెద్దమ్మ. "క్షమించమంటున్నాడు." "ఆయనెందుకు, నువ్వడుగు" అంది.

తాత నన్ను పక్కకి లాగాడు. "దేనిలో పోశావు?" "ఉన్నదానిలోనే." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఇంజనీర్, ఆ కథలో రెండో సగం విన్నావా? ఆముదాన్ని మామూలు నూనెలో కలపకూడదు. వేడిగా ఉన్నంతసేపు కలిసే ఉంటుంది. షెడ్డులో ఊరికే తిప్పినప్పుడు బతికిపోయావు గానీ, కొండెక్కి బాగా కాగాక చల్లారితే విడిపోయి జిగురైపోతుంది. ఇక రెండో ఎక్కుడు అయ్యేదాకా దీన్ని ఆపడానికి లేదు." ఉదయం ఎక్కుడు తాతే తోలాడు. కారు కొండ మీదికి బుడగలా తేలిపోయింది. అందరికంటే ముందు మాదే. దిగొచ్చాక ఇంజన్ ఆపకుండానే నన్ను దాని పక్కన కూర్చోబెట్టి, "నీ పని ఒక్కటే. ఇక్కడ కూర్చో. కదలకు" అని, పందెంవాళ్ళతో మాట్లాడడానికి వెళ్ళాడు.

కూర్చున్నాను. పది నిమిషాలు కూర్చున్నాను, దేవుడి సాక్షిగా. అవతల ఎవరో ఒక ఇంజన్ మూత విప్పుతున్నారు. చూసొద్దామని, "బావా, రెండు నిమిషాలు ఇక్కడుండు" అని పోయాను. ఒక ఇంజన్ పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి. నలభై నిమిషాలైంది. తిరిగొచ్చేసరికి మా కారు దగ్గర నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే, పాపాయి ఊపిరి వినిపించింది. "ఆపేశావా బావా?" అన్నాను. "పాప ఇప్పుడే పడుకుంది. ఆ సౌండ్‌కి ఉలిక్కిపడుతోంది. పెట్రోల్ కూడా వేస్ట్ కదా" అన్నాడు బావ, మంచి పని చేసినవాడిలా. ఆపకూడదని ఆయనకి నేను చెప్పలేదు మరి. సగం మాట వినేవాణ్ణే కాదు, సగం మాట చెప్పేవాణ్ణి కూడా.

మళ్ళీ స్టార్ట్ చేస్తే మూలుగుతూ తిరిగింది గానీ, నూనె ఒత్తిడి చూపే ముల్లు సున్నా దగ్గర నుంచి లేవలేదు. తాత వెంటనే ఆపేశాడు. నూనె పైకెక్కడం లేదు. ఇంకొక్క నిమిషం తిరిగితే నేను గీకిన బేరింగులన్నీ కరిగిపోతాయి. రెండో ఎక్కుడు లేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. పెద్దమ్మ కూడా తిట్టలేదు, నా చేతిలో పులిహోర పొట్లం పెట్టింది. దాన్ని విప్పకుండానే ఇంటికి తెచ్చాను. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి శనివారం, చెప్పకుండానే వెళ్ళి కడుగుడు బల్ల దగ్గర నిలబడ్డాను. ఇంజన్ అడుగు విప్పితే లోపల తెల్లటి జిగురు, అట్టు పిండిలా. నూనె వడకట్టే జల్లెడ మొత్తం పూడుకుపోయింది. రెండు వారాలు గోళ్ళతో గోకినట్టు గోకాను. చివరికి తాత బేరింగులు ఊడదీసి, ఒక్కొక్కటే కిటికీ వెలుతురులో పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశాడు. ఒక్క గీత లేదు. "బేరింగులు బాగున్నాయి" అన్నాడు. ఏడాదిలో ఆయన నోట 'బాగు' అన్న మాట అదే మొదలు. "బిగించినవాడే వెధవ" అన్నాడు తర్వాత. గీకే ఉలిని గుడ్డతో తుడిచి, ఎప్పుడూ దాచుకునే తన సొరుగులో కాకుండా, నా ఏప్రాన్ జేబులో పెట్టాడు. షెడ్డు మూలన ఉన్న తుప్పు పట్టిన ఇంజన్‌ని కాలితో చూపించాడు. "ఇక అది నీది. ముందు కడుగు." నేను బయటికెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను. వచ్చేసరికి ఆయన కిరోసిన్ తొట్టి నింపి పెట్టాడు.

ఆ షెడ్డు ఉన్న చోట ఇప్పుడు కిటికీల్లేని ఒక పెద్ద డేటా సెంటర్ ఉంది. అందులో పనిచేసేది ఎవరో కాదు, కొబ్బరినూనెతో పెరగాల్సి వచ్చిన ఆ పాపాయే. నలభై దాటింది. మొన్న నా మోకాళ్ళ నొప్పులకి షాపు నుంచి ఆముదం సీసా తెచ్చింది. నేను సీసా కోసం లేచి, మూత కోసం లేచి, గుడ్డ కోసం లేచాను. "మామా, ప్లీజ్, కూర్చో. జస్ట్ కూర్చో. నా ఆయిల్ దొంగతనం చేసావ్, ఇప్పుడు నేనే నీకు రాయాలి" అంది తన అమెరికా తెలుగులో నవ్వుతూ. కూర్చున్నాను. చేతిలో ఆ పాత ఉలి ఉంది, ఊరికే తిప్పుకుంటూ. నూనె వేడిగా మోకాలి మీద పడింది, నలభై ఏళ్ళనాటి నీలం పొగ ముక్కుకి తగిలింది. తాత ఉంటే ఈ మోకాళ్ళను కూడా వెలుతురులో పెట్టి చూసి, ఏమనేవాడో నాకు తెలుసు. బేరింగులు మంచివే. బిగించినవాడూ మంచివాడే. వాడుకున్నవాడే వెధవ.