బానెట్‌కు అంటని అయస్కాంతం

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా వాడకంలో లేదు. అందరికీ ఆయన అయస్కాంతం మేస్త్రి. బస్సు డిపో వెనక సందులో రేకుల షెడ్డు, దాని ముందు ఎప్పుడూ మూతి పగిలిన వ్యాన్లు ఒకటో రెండో, లోపల ఠంగు ఠంగుమని సుత్తి మోత. గుద్దుకున్న బండ్లకు సొట్టలు తీయడం ఆయన పని. చొక్కా జేబులో అగ్గిపెట్టెంత అయస్కాంతం ఒకటి పెట్టుకుని తిరుగుతాడు. దాని బరువుకు ఆయన చొక్కాలన్నీ ఎడమవైపుకు వేలాడుతుంటాయి. ముందు జేబు చిరుగుతుంది, ఆ తర్వాతే చొక్కా.

ఆ అయస్కాంతం వెనక పెద్ద పట్టుదలే ఉంది. సొట్టపడిన రేకుకు వెనక దిమ్మ ఆనించి, ముందునుంచి సుత్తితో ఓపిగ్గా కొట్టి సరిచేయడం ఒక పద్ధతి. అంత ఓపిక లేనివాళ్లు సొట్టను అలాగే ఉంచి, దాని మీద మందంగా లప్పం మెత్తి, రంగు కొట్టి, కొత్తబండిలా ఉందని చెప్పి పంపేస్తారు. ఏడాది తిరక్కుండానే లప్పం పెచ్చులూడి సొట్ట మళ్లీ పలకరిస్తుంది. లప్పం పేరెత్తితేనే మేస్త్రికి ఒళ్లు మంట. రేకుంటే అయస్కాంతం పట్టుకుంటుంది, లప్పముంటే జారిపోతుంది. ఆయన చదివిన శాస్త్రమంతా అంతే. తోడల్లుడు సెకండ్‌హ్యాండ్ కారు కొని మురిసిపోతూ చూపించడానికి వస్తే, మంచినీళ్లయినా ఇవ్వకుండా వెళ్లి తలుపుకు అయస్కాంతం ఆనించాడు. అది సర్రున జారి తోడల్లుడి కాలి బొటనవేలి మీద పడింది. ఆ రెండిళ్ల మధ్య మాటలు మళ్లీ మొదలవడానికి అటువైపు ఒక మనవరాలు పుట్టాల్సి వచ్చింది.

ఆయన భార్యను అందరూ నర్సమ్మ అంటారు, ఆయనతో సహా. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు చేయడం ఆమె ఉద్యోగం. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య రెండు బస్సులు మారాలి. మందుల సంచి ఒక భుజానికి, గొడుగు ఇంకో భుజానికి తగిలించుకుని పరుగెత్తే ఆ బతుకులోంచి మిగిల్చి మిగిల్చి ఎలక్ట్రిక్ కారు కోసం కొంత కూడబెట్టింది. ఎంత కూడబెట్టినా కారు ధర ఆమెకన్నా నాలుగడుగులు ముందే నడుస్తోంది.

అలాంటి సమయంలో ఒక సాయంత్రం నిమ్మకాయలంతేసి వడగళ్లు కురిశాయి. షోరూం వెనక ఆరుబయట నిలబెట్టిన కొత్త కార్లన్నీ పైకప్పు నుంచి బానెట్ దాకా మశూచి పోసినట్టయ్యాయి. మర్నాడే రోడ్డు మీద బోర్డు వెలిసింది: వడగళ్ల తగ్గింపు.

"మేస్త్రీ, కొత్త కారునే సొట్టల ధరకు ఇస్తున్నారట," అంది నర్సమ్మ.

"సొట్టలంటే మనకు సొంత చుట్టాలు. కొని పడేయ్, నేను చూసుకుంటా."

"కారు నాది, డబ్బు నాది, నడిపేదీ నేనే. నువ్వు సొట్టల వరకే చూసుకో."

"అక్కడ నేను నోరే విప్పను."

"అది నీ వల్ల కాదు గానీ, కాస్త తక్కువ విప్పు."

షోరూంలో ఏసీ చలికి మేస్త్రి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. నల్లకోటు వేసుకున్న సేల్స్ అమ్మాయి ఎదురొచ్చి, "రండి సార్, ఏ రంగు చూద్దాం సార్?" అంది.

"కొనేది నేనమ్మా," అంది నర్సమ్మ.

"సారీ మేడమ్." అమ్మాయి వెంటనే మేస్త్రి వైపు తిరిగింది. "మేడమ్‌కు ఏ రంగంటే ఇష్టం సార్?"

ఆ అమ్మాయిని తప్పుపట్టాల్సిన పనిలేదు. డబ్బు మగవాడి జేబులోనే ఉంటుందని ఆమెకు ట్రైనింగులో నేర్పినవాళ్లు వేరే ఉన్నారు. నర్సమ్మ కోపం తెచ్చుకోలేదు. ఆమె చూపు ఆ అమ్మాయి పాదాల మీద ఉంది. ఎత్తు మడమల చెప్పుల్లోంచి పాదాలు పొంగి బయటికొస్తున్నాయి.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావా తల్లీ?"

"కస్టమర్లు ఉండగా కూర్చోకూడదు మేడమ్. రూలు."

"కస్టమర్లు లేనప్పుడు?"

"లేనప్పుడు, ఎందుకు లేరని అడుగుతారు మేడమ్. అప్పుడూ నిలబడే సమాధానం చెప్పాలి."

అద్దాలకు ఖర్చుపెట్టారు, దీపాలకు ఖర్చుపెట్టారు, పనిచేసే మనిషికి ఒక కుర్చీ వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. నర్సమ్మ తన ఫోన్ నంబరు రాసిచ్చి, రాత్రి కాళ్లు దిండు మీద ఎత్తి పెట్టుకోమని, వాపు తగ్గకపోతే ఫోన్ చేయమని చెప్పింది. తర్వాత తెల్ల కారొకటి చూపించి, ఇదే తీసుకుంటానంది. తగ్గింపు ఎంతో బోర్డు మీద ఉంది, చేతిలో డబ్బూ దానికి సరిపోతుంది. పని అయిపోయినట్టే.

కానీ మేస్త్రి అప్పటికే చాలాసేపటినుంచి నోరు విప్పలేదు. కారు చుట్టూ తిరుగుతూ జేబులోంచి అయస్కాంతం తీశాడు. తలుపుకు ఆనిస్తే పట్టుకుంది. పైకప్పుకు పట్టుకుంది. బానెట్‌కు ఆనించాడు. జారింది. తుడిచి మళ్లీ ఆనించాడు. మళ్లీ జారి నేలమీద ఠక్కున పడింది.

మేస్త్రి కళ్లు వెలిగిపోయాయి.

"లప్పం," అన్నాడు, దేవుడు ప్రత్యక్షమైనవాడి గొంతుతో. "బానెట్ బానెట్టంతా లప్పమే. వడగళ్లట, వడగళ్లు. దీన్ని దేనికో గుద్దించి, లప్పంతో కప్పెట్టి, నెపం వానమీద పెట్టి అమ్ముతున్నారు."

కార్లు చూస్తున్న నలుగురూ ఇటు తిరిగారు. గాజు గదిలోంచి మేనేజరు పరుగున వచ్చాడు. మేస్త్రి ఆయన చేతికే అయస్కాంతం ఇచ్చాడు. మేనేజరు ఆనించినా జారింది. పాపం, ఆయన కార్లు అమ్మేవాడే గానీ కారు దేంతో చేస్తారో ఎన్నడూ అడిగినవాడు కాదు. ముఖం పాలిపోయింది.

"యార్డు చూసుకునేది నువ్వేగా," అని అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. "లారీలోంచి దింపేటప్పుడు ఎక్కడ గుద్దించావు? ఎవరితో కప్పెట్టించావు?"

"నాకేం తెలియదు సార్."

"నీ సంగతి తర్వాత చూస్తా."

అందరి ముందూ పరువు పోకుండా ఉండటానికి మేనేజరు అక్కడికక్కడే ఇంకొంత ధర తగ్గించాడు. మేస్త్రి ఆ ఊపులో సీటు కవర్లు కూడా వేయించుకున్నాడు. దారంతా నర్సమ్మ కారు నడుపుతుంటే ఆయన అయస్కాంతాన్ని పసిపాపలా తొడమీద పెట్టుకుని కూర్చున్నాడు. సందు మొదట్లో టీకొట్టు దగ్గర కారు ఆపించి మరీ కథంతా చెప్పాడు. చివరి ఇంటికి చేరేసరికి కథలో ఇద్దరు మేనేజర్లు అయ్యారు.

చేతిలో ఉన్న వ్యాను పని ముగించుకుని, నాలుగో రోజు షెడ్డులో కారు పని మొదలుపెట్టాడు. పైకప్పు సొట్టలు చెప్పిన మాట విన్నాయి. తలుపు మీదివీ విన్నాయి. ఇక లప్పం తవ్వుదామని బానెట్ తెరిచి, లోపలివైపు రంగు కాస్త గీకాడు. కింద లప్పం లేదు. తెల్లగా, తళతళమని లోహం. ఇంకోచోట గీకాడు. అదే తెల్లదనం. అయినా మనసొప్పక, దిమ్మ పెట్టి అలవాటుగా రెండు దెబ్బలు వేశాడు. ఇనప రేకు అయితే బుద్ధిగా వెనక్కి వచ్చేది. ఇది మెత్తగా సాగి పైకి లేచింది. సొట్ట పోయి ఆ చోట మొటిమ వచ్చింది. ఇంకో సొట్ట మీద కొట్టాడు. ఇంకో మొటిమ.

ఆయన సుత్తి కింద పెట్టాడు. జీవితమంతా డొక్కు వ్యాన్లూ పాత బస్సులూ తప్ప ఆయన షెడ్డుకు కొత్తబండి వచ్చిందే లేదు. ఇనుము కాని బానెట్ ఒకటి ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా వినపడుతుంది. నర్సమ్మ ఆయన జేబులోంచి అయస్కాంతం తీసి, పొయ్యి మీది సత్తు గిన్నెకు ఆనించింది. జారి గట్టుమీద పడింది.

"దీనికి కూడా లప్పం పెట్టారా మేస్త్రీ?"

ఆయన గిన్నె వంక చూశాడు. గిన్నెతోపాటు పాతికేళ్లుగా కాపురం చేస్తున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు చివరికి.

"ఇవాళ షెడ్డులో నువ్వు బానెట్ ముందు మూగనోము పట్టినప్పుడు. సరే, నీ గొప్ప పోతే పోయింది. సాయంత్రం ఆ పిల్ల ఫోన్ చేసింది. కాళ్లు నయమే అంది. నిలబడే పని లేదుగా. విచారణ అయ్యేదాకా రావద్దన్నారట. మనకు ఎక్కువ తగ్గించింది ఆ పిల్ల జీతంలోంచి పట్టుకుంటారట."

మేస్త్రి కంచం పక్కకు జరిపాడు. తన చేతిలో లప్పం బయటపడ్డ మోసగాళ్లు ఎందరో ఉన్నారు, కానీ ఏ తప్పూ లేని మనిషి నోటిదగ్గరి కూడు తన మాటతో పోవడం ఇదే మొదలు. తెల్లారేదాకా ఆయన రకరకాల దారులు వెతికాడు. మేనేజరుకు ఫోన్‌లో చెప్తానన్నాడు. తోడల్లుడితో చెప్పిస్తానన్నాడు. షోరూం మూసే వేళకు వెళ్లి మెల్లగా చెవిలో వేసి వస్తానన్నాడు.

"మాట అన్నది నలుగురిలో. వెనక్కి తీసుకునేదీ నలుగురిలోనే," అంది నర్సమ్మ. "నేను దింపుతా గానీ లోపలికి రాను. తప్పూ నీదే, నోరూ నీదే."

సెలవు రోజు కావడంతో షోరూం కిటకిటలాడుతోంది. మేస్త్రి నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లాడు. మేనేజరు ఆయన్ని చూడగానే చెయ్యి పట్టుకుని గాజు గదిలోకి లాక్కుపోయాడు.

"నేను పొరపాటు పడ్డానండీ," అన్నాడు మేస్త్రి, తల దించుకునే. "అది లప్పం కాదు. సత్తు. అదే, అల్యూమినియం. ఎక్కువ తగ్గించిన డబ్బు ఇదిగో. ఆ అమ్మాయిని పనిలోకి పిలవండి."

మేనేజరు డబ్బు కవరు అందుకుని సొరుగులో వేశాడు. "మాకు మొన్ననే తెలిసిందండీ. కంపెనీవాళ్లు ఫోన్‌లో చెప్పారు."

"మొన్ననా? మరి పిలవలేదే?"

"ఎలా పిలుస్తాను? అందరి ముందూ తిట్టి పంపించా. ఇప్పుడు పిలిస్తే నాకే తెలియదని ఒప్పుకున్నట్టు కాదూ? నాలుగు రోజులు పోతే ఇంకో అమ్మాయి దొరుకుతుంది. మీరు కాఫీ తాగి వెళ్లండి."

మేస్త్రి ఇక్కడికి వచ్చేటప్పుడు తనంత వెధవ ఇంకొకడు ఉండడనుకున్నాడు. ఆ బరువు కొంత దిగింది. తెలియక తప్పు చేసిన తను రాత్రంతా నిద్రపోలేదు. తెలిసి చేస్తున్న ఈయన కాఫీ తాగమంటున్నాడు.

ఆయన గాజు గదిలోంచి బయటికొచ్చి, జేబులోంచి అయస్కాంతం తీసి, షోరూం నడిబొడ్డున మెరుస్తున్న ఎర్ర కారు బానెట్‌కు ఆనించాడు. సర్రు. ఠక్కు. తీసుకుని పక్కనున్న నీలం కారుకు ఆనించాడు. సర్రు. ఠక్కు.

"ఏంటండీ అది?" అని భార్యాపిల్లలతో వచ్చిన ఒకాయన అడిగాడు.

"ఏం లేదు బాబూ. ఇనప రేకుంటే అంటుకోవాలి. అంటుకోవడం లేదు. ఎందుకంటారు?"

"లోపల ఏదైనా మెత్తారా?"

"నేనేమీ అనలేదే," అన్నాడు మేస్త్రి. మూడో కారు దగ్గరికి నడిచాడు. ఆయన వెనక పదిమంది నడిచారు. ఎవరో వృద్ధురాలు అయస్కాంతం తన చేతికి ఇమ్మని అడిగి, తనే ఆనించి, పడేసి, "అయ్యో," అంది. ఒకతను అడ్వాన్సు కట్టబోతూ పర్సు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మేనేజరు చెమటలు కక్కుతూ వచ్చాడు. "మేస్త్రిగారూ, అల్యూమినియం అని వీళ్లకు కాస్త చెప్పండి."

"నేను చెప్తే ఎవరు నమ్ముతారండీ? మొన్న లప్పం అన్నది నేనేగా. యార్డు చూసుకునే మనిషి చెప్పాలి. ఆ అమ్మాయి వచ్చి చెప్తే నమ్ముతారు."

"రేపు పిలుస్తా."

మేస్త్రి నాలుగో కారు వైపు అడుగేశాడు. మేనేజరు ఫోన్ తీశాడు.

అమ్మాయి వచ్చింది. కోటు లేదు, కాళ్లకు మామూలు చెప్పులు. గుంపును చూసింది, మేనేజరును చూసింది, మేస్త్రిని చూసింది. మేస్త్రి చేతులు కట్టుకుని, "నా తెలివితక్కువకు నీ ఉద్యోగం పోయిందమ్మా. తప్పు నాదే," అని అందరికీ వినపడేలా చెప్పాడు.

"మీ తప్పు అని చెప్పడానికి ఇన్ని రోజులు పట్టిందా సార్?" అంది అమ్మాయి. ఆమె అందరి వైపు తిరిగింది. "ఈ బానెట్లు అల్యూమినియం. బరువు తగ్గితే చార్జింగు ఎక్కువసేపు వస్తుందని అలా చేస్తారు. దానికి అయస్కాంతం అంటుకోదు. ఈయనకు తెలియలేదు. మా మేనేజరుగారికి తెలియలేదు. నాకూ తెలియలేదు, ఇంట్లో కూర్చోబెట్టాక ఫోన్లు చేసి కనుక్కున్నా."

గుంపులో నవ్వు పుట్టింది. పర్సు జేబులో పెట్టుకున్నతను మళ్లీ తీశాడు.

"సరే సరే," అన్నాడు మేనేజరు. "రేపటినుంచి డ్యూటీకి రా."

"రాని రోజుల జీతం సంగతి ఏంటి సార్? నా దాంట్లోంచి పట్టుకుంటానన్నదీ?"

"అవన్నీ లోపల మాట్లాడుకుందాం."

అమ్మాయి కదల్లేదు. మేస్త్రి అయస్కాంతాన్ని చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, అక్కడ మిగిలిన ఒకే ఒక్క కారు, బూడిదరంగుది, దాని వైపు మెల్లగా నడవసాగాడు. గుంపు ఆయన వెంట కదిలింది, పర్సు తీసినతనితో సహా.

"ఇస్తాం," అన్నాడు మేనేజరు వెనకనుంచి. "జీతం ఇస్తాం, ఏమీ పట్టుకోం. ఆయన్ని ఆపమ్మా."

"సార్," అని పిలిచింది అమ్మాయి. మేస్త్రి ఆగి వెనక్కి తిరిగాడు. "ఇక చాల్లెండి. నేను కార్లు అమ్ముకోవాలి."