ఇద్దరు పట్టే బండి

పెళ్లయిన కొత్తలో మాకు సొంతిల్లు లేదు గానీ ఎర్రటి స్పోర్ట్స్ కారు ఉండేది. సెకండ్ హ్యాండ్‌దే. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, నేలకు రాసుకుంటుందేమో అన్నంత తక్కువ ఎత్తు. అప్పట్లో హైటెక్ సిటీ దాటితే రాళ్లూ తుప్పలే. శనివారం ఆఫీసు అవగానే గోపన్‌పల్లి దాకా వెళ్లేవాళ్లం. మా ఆవిడ జడ విప్పేసుకుని కూర్చునేది. "ఇంత వేగం ఎందుకండీ" అని తిడుతూనే నవ్వేది. ఇంజన్ మోతలో ఆ నవ్వు సగమే వినపడేది.

పాప పుట్టాక మూడో మనిషికి అందులో చోటు లేకపోయింది. పెద్ద కారు కొని, దీన్ని సెల్లార్‌లో మూలకు నెట్టి గుడ్డ కప్పాం. అమ్మెయ్యమని అందరూ పోరారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇల్లు మారినప్పుడల్లా దాన్నీ మోయించుకొచ్చాను. ఇప్పుడు పాప ఉద్యోగం వచ్చి వేరే ఊళ్లో ఉంటోంది. ఇంట్లో మేమిద్దరం చెరో గదిలో, చెరో మీటింగులో. భోజనానికి రమ్మని కూడా మెసేజ్‌లే పెట్టుకుంటున్నాం. పక్క గదిలో ఉన్న మనిషి మీద కూడా బెంగ పుడుతుందని నాకు ఈ వయసులో తెలిసింది. ఆమె ఒక్కసారి ఆ పాత కారు ఎడమ సీట్లో మళ్లీ కూర్చుంటే చాలనిపించింది.

బండిని బోరబండలోని ఒక మెకానిక్ దగ్గరికి చేర్చాను. ఆయన ముందు భాగాన్ని వేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగబడింది.

"సార్, బండంత మంచిగనే ఉంది. గీ ముంగటనే గింత తుప్పేంది?"

ఏటా దసరాకు ఆయుధపూజ తప్పకుండా చేశామని చెప్పాను. బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు బండి ముందు పోసి, మళ్లీ గుడ్డ కప్పెయ్యడం.

"కడగలేదా?"

"దేవుడి నీళ్లు ఎలా కడుగుతామయ్యా?"

"పూజ తప్పలే గని, ఇన్నేండ్ల సంది ఒక్కపారి స్టార్ట్ జెయ్యలే!" అని పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కానీ బండి ఆయన చేతిలో ఉంది.

టింకరింగ్ చేయించి, ట్యాంకు కడిగించి, బ్రేకులూ టైర్లూ మార్పించి, రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించేసరికి వానాకాలం వెళ్లిపోయింది. ఒక ఆదివారం పొద్దున మా సెల్లార్‌లో బండి గుర్రుమంది. మా ఆవిడ హారతి ఇచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను ఎడమ తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె సీటు వంక చూసింది, తర్వాత తన మోకాళ్ల వంక చూసుకుంది.

"ఇంత కిందికి నేనెలా కూర్చుంటానండీ?"

బండిలో ప్రతి బోల్టూ చూసుకున్నాను. లిఫ్టు చెడిన రోజు మెట్ల ముందు నిలబడిపోయే మనిషి మోకాళ్లు మాత్రం గుర్తు రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది. పోనీలే అంటూ తలుపు వెయ్యబోయాను.

ఆమె వెయ్యనివ్వలేదు. వాచ్‌మన్ భార్యను పిలిచింది. ఆమె వచ్చి చంకల కింద చేతులు వేసి పట్టుకుంది.

"మెల్లగ అమ్మా. ముందుగాల కూసోండ్రి, కాళ్లు తర్వాత లోపల పెట్టుకోండ్రి."

మూలుగుతూ, నవ్వుతూ మా ఆవిడ సీట్లో పడింది. నిమ్మకాయలు తొక్కించుకుంటూ బయటికొచ్చాం.

ఆదివారం కాబట్టి ఆఫీసుల మధ్య రోడ్లు ఖాళీగానే ఉన్నాయి. ఆమె రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది. బాగుందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సిగ్నల్ దగ్గర పక్క బైకు మీది కుర్రాళ్లు ఫోటో తీస్తుంటే మాత్రం కొంగు సర్దుకుంది. ఒక చుట్టు తిరిగి మా గేటు దగ్గరికి వచ్చేశాం. ఆమెను పైకి లేపడానికి వాచ్‌మన్ భార్య ఎదురొచ్చింది. నేను ఇంజన్ ఆపబోతుంటే మా ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఆపకండి. దిగితే మళ్లీ ఎక్కగలనో లేదో. ఇంకాసేపు తిప్పండి."