రంగుటద్దాల వెలుగులో రెండో నీడ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోట ఉద్యోగం చేశాను. డ్యూటీలో ఎవరికైనా వింత చప్పుడు వినిపిస్తే, టార్చి పట్టుకెళ్ళి ఊడిన బోల్టో, వదులైన రేకో చూపించి వచ్చేవాణ్ణి. అలాంటి మనిషి చెబుతున్న మాటగానే దీన్ని చదవండి.

నా భార్య భారతి గవర్నర్‌పేటలో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరు. తొంభైల చివర్లో బందరు వైపు ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూ, దారిలో ఒక పాత చర్చి చూశాం. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ దేశంలో వందల ఏళ్ళ నాటి పల్లెటూరి చర్చిలు ఎలా ఉంటాయో, ఇక్కడా అలాగే కట్టుకున్నారట. బాగా మందమైన రాతిగోడలు, పైకి వెళ్ళేకొద్దీ మొనదేలే కమానులు, తిరగేసిన పడవలా కనిపించే చెక్క పైకప్పు. మేం హిందువులమని తెలిసినా అక్కడి పాస్టరుగారు లోపలికి పిలిచి ఓపిగ్గా అన్నీ చూపించారు.

భారతి మాత్రం తూర్పు గోడకున్న రంగుటద్దాల కిటికీ దగ్గరే ఆగిపోయింది. తుఫానులో చిక్కుకున్న పడవ బొమ్మ అది. పడవలో ఏసుక్రీస్తు నిద్రపోతుంటాడు. చేపలు పట్టేవాళ్ళు బెదిరిపోయి ఆయన చుట్టూ చేరి ఉంటారు.

"రంగు పైన పూసింది కాదండీ. గాజు కరిగేటప్పుడే కలిపేస్తారు. ఆ ముఖాలొక్కటే కుంచెతో గీసి కాలుస్తారు. ముక్కలన్నీ సీసం పట్టీలతో అతుకుతారు" అని చెప్పింది. బస్సు వెళ్ళిపోతుందన్నా కదల్లేదు.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వెళ్ళామో. తను బొమ్మ వేసుకుంటుంటే నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఎప్పుడూ నాకు ఎడమవైపే కూర్చునేది. పొద్దున ప్రార్థనలు జరుగుతాయని మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళం. అప్పటికి ఎండ అటువైపు తిరిగిపోయేది.

"పొద్దుటెండలో ఈ రంగులన్నీ నేలమీద పడతాయంట. రత్నమ్మ చెప్పింది. ఓసారి చూడాలండీ" అనేది. రత్నమ్మ చర్చి ఊడ్చి, తాళాలు చూసుకునే ఆవిడ. భారతి అంటే ఆవిడకి ఇష్టం.

ఈలోగా భారతికి జబ్బు చేసింది. క్యాన్సరన్నారు. మందులకి జుట్టంతా రాలిపోయింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని కూడా ఆ నీలం రంగు గురించే మాట్లాడేది. ఒక్కసారి ఆ చర్చికి తీసుకెళ్తానని డాక్టరుగారిని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. రెండు వేల మూడు వేసవిలో భారతి పోయింది.

ఇంట్లో ఏం చేయాలో తోచేది కాదు. కాఫీ ఇద్దరికీ కలిపేసి, రెండో గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి.

ఆ చలికాలంలో, మామూలు పనిరోజున, తెల్లవారుతూనే బస్సెక్కాను. తను చూడలేనిది నేనన్నా చూద్దామనిపించింది. ఉయ్యూరు దగ్గర చెరుకు బండ్లు అడ్డమై ఆలస్యమైనా, ఎండ బాగా పడేవేళకి చేరాను. చర్చి తలుపులు తీసే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

తీరా వెళ్ళాక ఆ కిటికీ వైపు చూసే ధైర్యం రాలేదు. తల దించుకునే వెళ్ళి, దానికి వీపు పెట్టి ఒక బల్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా నేలంతా రంగులు. ఎరుపు, పసుపు, వాటి మధ్య తను చెప్పిన నీలం. రత్నమ్మ చెప్పినట్టే ఉంది. ఆ రంగుల్లో నా నీడ పడింది. నా నీడకి ఎడమవైపు ఇంకో నీడ ఉంది.

పక్కకి చూశాను. బల్ల ఖాళీ. మళ్ళీ నేల చూశాను. కాస్త ముందుకి వంగిన భుజాలు, కొంచెం పక్కకి తిరిగిన తల, దాని వెనక జుట్టు ముడి. ఒత్తుగా, జబ్బుకి ముందు ఉండేటంత ముడి. భయం వేయలేదు. కదిలితే పోతుందేమోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

తలుపు దగ్గర చీపురు చప్పుడైంది. రత్నమ్మ లోపలికొచ్చింది. నన్ను చూసి నవ్వుతూ నాలుగడుగులు వేసి, రంగుల్లో ఆగిపోయింది. ఆవిడ తెల్లచీర మీద నీలం పడింది.

"ఇదేంటండీ! అద్దాలు ఊడదీసి బాగుచేయటానికి మద్రాసు పంపించారు కదా. ఈ రంగులు ఎక్కణ్ణుంచండీ?"

ఆ మాట అంటుండగానే, మబ్బు కమ్మినట్టు రంగులు మెల్లగా వెలిసిపోయాయి. వెనక్కి తిరిగాను. కిటికీ నిండా చెక్కలు కొట్టి ఉన్నాయి.

బయటికెళ్ళి చూశాను. చెక్కల మీద టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించారు. వెలుగు దూరే సందు కోసం వెతికాను, ఎక్కడా లేదు. మిగతా కిటికీలు చూశాను, అన్నీ మామూలు గాజే. ఆకాశంలో మబ్బు లేదు.

నేను తిరిగొచ్చేసరికి రత్నమ్మ అక్కడే నిలబడి ఉంది. "అమ్మగారు ఎలా ఉన్నారండీ?" అంది.

చెప్పాను. ఆవిడ చీపురు కింద పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలమీద కూలబడిపోయింది. ఆవిణ్ణి నేనే ఓదార్చాల్సి వచ్చింది.

కాసేపయ్యాక అడిగాను, "నీడలేమైనా చూశావా రత్నమ్మా?"

"రంగులు చూశానండీ. ప్రమాణం చేసి చెప్తాను. నీడల సంగతి నాకు తెలీదండీ."

మరుసటేడు అద్దాలు తిరిగొచ్చాయని తెలిసి మళ్ళీ వెళ్ళాను. అదే బల్ల, అదే పొద్దుటెండ. రంగులు ఇంకా స్పష్టంగా పడ్డాయి. ఎడమవైపు చోటు వదిలి, ఎండ పక్కకి జరిగిపోయేదాకా కూర్చున్నాను. నా నీడ ఒక్కటే పడింది.

నిజమైన అద్దాలున్న రోజున రాని మనిషి, అద్దాలే లేని రోజున ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.