అసలు తలనొప్పి

మిషనక్క అన్న పేరు ఆమెకు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆమెకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన ఇంటి ఓనరు కూడా అలాగే పిలుస్తాడు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద డబ్బా మూతలో గుండీలు, గోడ వారగా స్కూలు యూనిఫారాల మూటలు. మనుషులు మిగిలిన చోట్లో సర్దుకోవాలి.

ఆమె మొగుడు వెల్డరు. సముద్రం అవతల ఓడలు బాగుచేసే చోట తొమ్మిదేళ్లుగా పని. రెండేళ్లకోసారి నెల సెలవు మీద వస్తాడు. ఆ నెలలో మొదటి వారం ఆయన చుట్టంలాగే ఉంటాడని, మంచినీళ్లు కూడా అడిగి తాగుతాడని మిషనక్క నవ్వుతుంది. ఆయన పంపిన డబ్బు అద్దెకు, మామగారి మందులకు, కూతురి కాలేజీకి వచ్చింది వచ్చినట్టే పోతుంది. మిషను మీద వచ్చేది మాత్రం ఆమె ముట్టుకోదు. వీధి చివర ఒక షట్టరు గది ఉంది. అది కొంటే ఆయన వచ్చేసి అక్కడే గేట్లూ గ్రిల్సూ చేసుకోవచ్చు. గది యజమాని వచ్చే ఏడాది దాకా ఆగుతానన్నాడు. అంచేత ఆయన ఇంటికి రావడం ఆయన జీతం మీద కాదు, ఈవిడ కుట్టే చొక్కాల మీద ఆధారపడి ఉంది.

దూరాన ఉన్నవాడి జీతం లోకానికి ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. పైగా ఈయనకు రోజంతా ఇనుము మోతలో ఉండి ఉండి చెవులు మొద్దుబారాయి. ఫోనులో మాట్లాడడు, అరుస్తాడు. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం, "ఈ నెల పదివేలు ఎక్కువ పంపానే" అని అరిచాడు. గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్న తోడికోడలు చెవిన అది పడనే పడింది. పక్క వాటాలో ఉండే ఆ చిన్నకోడలు మనసు వెన్నే గానీ, అడగడానికి మాత్రం మొహమాటం ఎరగదు. మర్నాడు పొద్దున్నే ఫ్రిజ్ కోసం ఎనిమిది వేలు అడిగి పట్టుకెళ్లింది. అందులో సగం ఇప్పటికీ వెనక్కి రాలేదు.

అప్పుడు మొగుడూ పెళ్లాం ఒక మాట అనుకున్నారు. ఫోను ఎత్తగానే ఆయన, "తల ఎలా ఉంది?" అని అడగాలి. పక్కన ఎవరైనా ఉంటే, "తలనొప్పిగా ఉందండీ" అని ఆమె చెప్పాలి. అంతే, ఆయన డబ్బు ఊసెత్తకుండా ఎండల గురించీ వానల గురించీ అరుస్తాడు. ఎవరూ లేకపోతే, "తలనొప్పి లేదు." ఆరేళ్లూ ఆ ఏర్పాటు దివ్యంగా నడిచింది.

ఈ ఏడాది మిషనక్కకు నిజంగానే తలనొప్పి పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి కణతలు పగిలిపోయేవి. సూది బెజ్జం ఉండాల్సిన చోట మసక. ఒకరోజు స్కూలు టీచరమ్మ చొక్కా ఒకటి వెనక్కి తెచ్చింది. దానికి రెండూ ఎడమ చేతులే.

"ఇంకోసారి ఇలా వస్తే ఆర్డరు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, చూసుకోండి" అంది మెల్లిగా.

ఆర్డరు పోతే గది పోతుంది. గది పోతే ఆయన ఇంకెన్నేళ్లు అక్కడే ఉండాలో. ఆ ఆదివారం ఇంట్లో పిట్ట మనిషి లేడు. ఆయన తల గురించి అడగగానే, "తలనొప్పిగా ఉందండీ" అంది. ఈసారి ఆ మాట నీరసంగానే వచ్చింది.

"అర్థమైంది, అర్థమైంది" అని ఆయన ఎండల గురించి మొదలుపెట్టాడు.

"అది కాదండీ, నిజంగానే."

"అబ్బో, ఈమధ్య బాగా నేర్చావే" అని పగలబడి నవ్వాడు.

విడమరిచి చెప్పొచ్చుగా అంటారు మీరు. నేనూ అదే అంటాను. కానీ ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా గొంతు విని పోల్చుకోలేని మనిషికి విడమరిచి చెప్పేదేమిటి అనుకుంది. పైగా కళ్లజోడంటే మళ్లీ గది డబ్బులోంచే తియ్యాలి. అలా నాలుగు ఆదివారాలు తలనొప్పి అంటూనే ఉంది, ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఫోను పెట్టేశాక ఒక్కతే కూర్చుని ఏడ్చేది.

అయిదో ఆదివారం తోడికోడలు గుమ్మంలో ఉంది. మిషనక్క దారం తడి చేసి, మెలిపెట్టి, ఎత్తి పట్టుకుని, మళ్లీ తడి చేసి, సూదితో కుస్తీ పడుతోంది. ఫోను మోగింది. ఆమె దారం వదిలేలోపే చిన్నకోడలు లేచి ఫోను తీసింది.

"బావగారూ, నేను. అక్కకి తలనొప్పిగా ఉంది."

అవతలి నుంచి అలవాటు కొద్దీ, "పక్కన ఎవరున్నారమ్మా?" అన్న అరుపు.

"ఇంకెవరు, నేనే ఉన్నాను. కానీ ఇది నన్ను చూసి వచ్చే తలనొప్పి కాదు బావగారూ. అసలుది. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది."

తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "అక్కకివ్వమ్మా" అన్నాడు. ఆ మాట వినడానికి ఫోను చెవికి నొక్కుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన ఏమన్నాడో మిషనక్క ఎవరికీ చెప్పలేదు. ఊఁ, ఊఁ అంటూ కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఫోను పెట్టేసి, తోడికోడలి వంక చూడలేక చూసింది. "నీకు ముందే తెలుసా?"

"ఆరేళ్లుగా నేను గుమ్మం ఎక్కిన ప్రతి ఆదివారం నీకు తలనొప్పి వస్తుంటే తెలీదా అక్కా? అంత తెలివితక్కువదాన్నా?"

"మరి ఒక్కసారీ అనలేదేం?"

"ఫ్రిజ్ బాకీ తీర్చనిదాన్ని, ఏ మొహం పెట్టుకుని అనను? పద, కళ్ల డాక్టరు మధ్యాహ్నం దాకానే ఉంటాడు."

కళ్లజోడుకు డబ్బు చిన్నకోడలే ఇచ్చింది. ఫ్రిజ్ లెక్క ఇంకా కొంచెం ఉందిలే అని కూడా తనే చెప్పింది.

మరుసటి ఆదివారం ఫోను మోగేసరికి చిన్నకోడలు బియ్యం చేట చంకన పెట్టుకుని లేచింది. మిషనక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"తల ఎలా ఉంది?" అన్నాడాయన, ఇంకా మెల్లిగానే.

"తలనొప్పి లేదండీ. ఈ నెల ఎంత పంపారో చెప్పండి. వినపడటంలేదు, గట్టిగా."

అవతల ఆయన తటపటాయించాడు. "పక్కన ఎవరూ లేరుగా?"

"ఉంది" అంది మిషనక్క. "మా చెల్లెలు."