గొంగడి సామాను కాదు

ఢిల్లీ విమానాశ్రయంలో నా సంచి బరువెక్కువైందంటే నోరెత్తకుండా అదనపు రుసుము కట్టేశాను. పిల్లలకు పాఠాలు చెప్పే నేను, టికెట్ మీద ఏం రాసుందో ఏనాడూ చదవలేదు.

నా వెనకున్న పెద్దాయన భుజాన నల్ల గొంగడి ఉంది. కౌంటర్లోని అమ్మాయి దానికీ డబ్బు కట్టమంది. ఆయనకు హిందీ రాదు. నా చేతిలో తెలుగు పుస్తకం చూసి పిలిచాడు.

"బిడ్డా, మాది సూర్యాపేట కాడ తిరుమలగిరి. జర గామెకు సెప్పు. కప్పుకునే దుప్పటికి పైసల్లేవని మా మనుమరాలు సదివి సెప్పింది. గొర్లకాడ ఇన్నేండ్లు కప్పుకున్న, గిది సామానెట్లయితది?"

నేను చెబితే ఆమె నమ్మలేదు. ఆయన జేబులోంచి టికెట్ కాగితం తీసి, మనుమరాలు ఎర్ర పెన్నుతో గీత గీసిన వాక్యం చూపించాడు. ఆమె రెండుసార్లు చదివి, "సారీ" అంది. ఆయన గొంగడి తలమీదుగా కప్పుకుని, మందకు ముందు నడిచినట్టే లోపలికి నడిచాడు.

"ఆయనది ఏ ఊరు?" అని ఆమె నన్నడిగింది.

నాది కోదాడ. తిరుమలగిరి నేనెప్పుడూ చూడలేదు.

"తిరుమలగిరి," అన్నాను. "మా పక్క ఊరే."