ఆళ్లగడ్డ మిద్దె మీద పీటీ

పొద్దున ఐదున్నరకు నంద్యాలలో బండెక్కి, ఆరున్నరకల్లా ఆళ్లగడ్డలో దిగాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది, మే నెల. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఒక హాస్టల్లో పెట్టిన కరోనా కేంద్రంలో పద్నాలుగు రోజుల వాలంటీరు డ్యూటీ. సామాను రెండు జతల బట్టలు, విజిల్, మాస్కులు. మంచు కొండల మీద పదిహేడేళ్లు సైన్యంలో చేసినవాణ్ని, ఇదెంత అనుకున్నాను.

ఆర్డరు నర్సమ్మ ఇచ్చింది. "జ్వరం తగ్గినోళ్లను కదిలించన్నా. పండుకోనే ఉంటే దిగులు ఇంకా ముదుర్తాది."

మర్నాడు ఆరింటికి విజిల్ ఊదాను. మగవాళ్లను మిద్దె మీద, ఆడవాళ్లను వరండాలో పీటీ కసరత్తుకు నిలబెట్టాను. ఒక ముసలమ్మ కేకేసింది. "ఏందప్పా, మొగోళ్లకు మిద్దె, మాకు గోడలా?"

నిజమే కదా! ఆరింటికి ఆడవాళ్లు, ఏడింటికి మగవాళ్లు, అందరూ మిద్దె మీదే అని మార్చాను.

సుశీలమ్మ మాత్రం రాలేదు. ఆ ఊళ్లోనే రాతి విగ్రహాలను రుద్ది నునుపు చేసే మనిషి. మొగుడు కర్నూలు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. రెండు రోజులుగా అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. "ఇట్లే ఉంటే ఈమెను గూడా కర్నూలు పంపాల్సొస్తాది" అంది నర్సమ్మ.

గుమ్మంలో నిలబడి, కొత్త సిపాయిని గదిమినట్టు "లే!" అన్నాను.

"నీ పెండ్లాం ఆడ ఊపిరాడక పండుకోనుంటే నువ్వు ఎగుర్తావా అన్నా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే గడప బయట కూలబడ్డాను.

"నాదే తప్పులేమ్మా. నా పక్కోడు మంచులో పోయినప్పుడు నేనూ మూడు రోజులు లేయలేదు. మా హవల్దారు పార చేతికిచ్చి దోవ తియ్యమన్యాడు. నాకు ఆడోళ్లతో పీటీ చేయించేది రాలేదు. నువ్వు చేయించు."

"నాకేమొస్తాది, రాయి రుద్దేది తప్ప?"

"అదే రుద్దించు."

మర్నాడు ఆరింటికి వచ్చింది. లేని రాయి మీద రెండు చేతులూ గుండ్రంగా తిప్పింది. "భుజం కదలల్ల! ఉత్త మణికట్టుతో రుద్దితే దేవుడి మొగం వంకర పోతాది!" ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడింటి మగవాళ్లు కూడా ఆమె పీటీయే కావాలని పట్టుబట్టారు. నా విజిల్‌కు పని లేకుండా పోయింది.

పన్నెండో రోజు పీటీ మధ్యలో కర్నూలు నుంచి వీడియో కాల్. ఆక్సిజన్ మాస్కు తీసేసిన మొగుడు. ఊరికే ఈమెనే చూస్తున్నాడు. ఈమె ఏడుస్తూనే గద్దించింది. "ఏం చూస్తాండావ్? చెయ్యెత్తు. రుద్దు!"

డ్యూటీ ముగించుకుని నంద్యాల వచ్చేశాను. మంచు కొండల సంగతులు చెప్పమని ఇప్పటికీ అడుగుతారు, చెప్తాను. కానీ కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది ఆ ఫోను తెరే. సూది గుచ్చిన చెయ్యి ఒకటి దుప్పటి మీంచి లేచి, గాల్లో మెల్లగా, గుండ్రంగా తిరుగుతోంది.