అత్త చూసుకున్న మూడు ఇత్తడి పెడళ్లు

గురువారం ఉదయం ఐదున్నరకు ఆళ్లగడ్డలోని మా ఇంట్లో మా మేనత్త చనిపోయింది. గుండె జబ్బు. కొన్నాళ్లుగా మంచం మీదే ఉంది. ముందు రోజు సాయంత్రం నన్ను పిలిచి ఒక్క మాట చెప్పింది. "అబ్బీ, నన్ను సాగనంపేటప్పుడు చర్చిలో ఆ కరెంటు కీబోర్డు పెట్టనియ్యొద్దు. పియానోనే మోగాల." సరేనన్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ మాట నిలబెట్టుకోగలనా అన్నది అనుమానంలో పడింది.

నంద్యాలలో మేం వెళ్లే చిన్న చర్చిలో ఆమెను అందరూ టీచరమ్మ అంటారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆదివారం ఆరాధనలో పియానో వాయించేది. అది గోడకు ఆనించి పెట్టే పాత పియానో. అక్కడికి ఎవరు తెచ్చారో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. కింద, కాళ్లకు అందేలా మూడు ఇత్తడి పెడళ్లు ఉంటాయి. కుడి పెడల్ తొక్కితే, లోపల తీగలకు ఆనుకుని ఉన్న ఉన్ని దిమ్మలు వెనక్కి జరుగుతాయి. అప్పుడు వేలు తీసినా స్వరం మోగుతూనే ఉంటుంది. కాలు తీస్తే దిమ్మలు తిరిగి తీగలకు ఆనుకుంటాయి, మోత ఆగుతుంది. పాటలో ఒక స్వరాన్ని ఇంకో స్వరానికి కలిపేది ఆ పెడలే.

మా చర్చిలోకి ఎవరూ చెప్పులతో రారు. వాయించేవాళ్లు కూడా ఒట్టి కాళ్లతోనే కూర్చోవాలి. ఎండాకాలంలో అరికాలి చెమట అంటుకుంటే ఇత్తడి నల్లబడుతుంది. వదిలేస్తే చిలుము పడుతుంది. అందుకని అత్త పియానో ముందు కూర్చునే ముందు తెల్లటి నూలు మేజోళ్లు వేసుకునేది. చీర కుచ్చిళ్ల కింద ఆ మేజోళ్లు చూసి పిల్లలు నవ్వేవాళ్లు. స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న ఆమె, అత్త కంటే కొంచెం చిన్నది, ఒకసారి అందరి ముందే అడిగింది.

"ఏందక్కా, ఇంత ఎండలో నీకు చలి పుడతాందా?"

"నాక్కాదు, ఇత్తడికి," అంది అత్త. మేజోళ్లు పైకి లాక్కుని వాయించడం మొదలుపెట్టింది.

శనివారం మధ్యాహ్నం పెడళ్లు తుడిచేది. ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. ముందు ఎండు గుడ్డతో దుమ్ము తీసేది. తర్వాత పెడల్‌కూ చెక్కకూ మధ్య ఒక పాత పెళ్లిపత్రిక అట్టను దూర్చేది, పాలిష్ చెక్కకు అంటకుండా. పాలిష్‌ను ఎప్పుడూ ఇత్తడి మీద వేసేది కాదు. గుడ్డ మీద కొంచెం తీసుకుని, పెడల్ పొడవునా ఒకే వైపు రుద్దేది. ఇంకో గుడ్డతో తుడిచి, ఆ గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా వదిలేది కాదు. సందుల్లో పాలిష్ మిగిలిపోతే తెల్లగా గట్టిపడుతుందని అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి తీసేది.

ఎడమ పెడల్‌కు మాత్రం పాలిష్ పెట్టేది కాదు. ఎందుకని అడిగితే పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి సంచిలోంచి బయటికి తీసింది. కుడి పెడల్‌కు, మధ్య పెడల్‌కు అది అంటుకోలేదు. ఎడమదానికి టక్కున అంటుకుంది. ఎప్పుడో విరిగిపోతే ఎవరో ఇనుపది చేయించి, పైన ఇత్తడి పూత పూయించారన్నమాట. "దీన్ని రుద్దితే పూత పోతాది. ఎండు గుడ్డతో ఒట్టిగా తుడిస్తే చాలు," అంది. నేను గట్టిగా రుద్దబోతే చెయ్యి పట్టుకుంది. "కోపమొస్తే బయట చేటంత రాయుంది, దాన్ని రుద్దుకోపో."

రిటైరయ్యాక అత్త ఆళ్లగడ్డకు, తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. మా వీధిలో శిల్పులు ఉన్నారు. పొద్దున్నుంచి ఉలి చప్పుడు. చాలామందికి అది తలనొప్పి. అత్త వాకిట్లో కూర్చుని వినేది. "వీళ్ల తాళం తప్పదురా. మన చర్చి పాటగాళ్లను ఈడికి తెచ్చి ఒక నెల కూర్చోబెట్టాల," అనేది. ప్రతి శనివారం గుడ్డల సంచి భుజానికి తగిలించుకుని నంద్యాల బస్సెక్కేది. శిరివెళ్ల దాటాక నిద్రపోతుందని, నంద్యాలలో తనే లేపుతానని కండక్టర్ ఒకాయన నాకు చెప్పాడు.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. పండగకైనా, పెళ్లికైనా, సమాధి ఆరాధనకైనా ముందు రోజు స్త్రీల సమాజం వాళ్లు చర్చిలోని ఇత్తడంతా ఆరుబయటికి తెస్తారు. దీపస్తంభాలు, కానుకల పళ్లేలు, పూలకుండీలు, చేతిగంట. నానబెట్టిన చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు, బకెట్ల కొద్దీ నీళ్లు. సాయంత్రానికి అన్నీ తళతళలాడతాయి. బయటికి తేవడానికి వీలుకాని ఇత్తడి పియానోకు ఒక్కదానికే ఉంది. ఆ రోజుల్లో అత్త పియానో ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరైనా గిన్నె పట్టుకుని అటు వస్తే, "నీళ్లు తాగేది మనుషులు, పియానో కాదు. పో అవతలికి," అనేది. ఆ మాటకు నవ్వుకుని వెళ్లిపోయేవాళ్లు. అందులో ఉన్న కారణం ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు కూడా.

శుక్రవారం ఆ కుర్చీలో ఎవరూ లేరు. మర్నాడు జరిగే అత్త సమాధి ఆరాధన కోసమని సమాజం వాళ్లు తెల్లవారేసరికే వచ్చారు. ఎప్పటికంటే ఎక్కువ మంది వచ్చారు. అన్నీ తోమారు. చివరికి, టీచరమ్మ పియానోకు పెడళ్లు మాత్రం మాసిపోయి ఉండడం బాగుండదని వాటికీ చింతపండు పట్టించి, ఇటుకపొడితో రుద్ది, చెంబులతో నీళ్లు పోసి కడిగారు.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చేసింది అత్త దగ్గర పియానో నేర్చుకున్న నర్సు. శనివారం ఆరాధనలో వాయించాల్సింది ఆమే. "అన్నా, బిరీన రా. కుడి పెడల్ దిగింది, పైకి రాలే."

నేను వెళ్లేసరికి సమాజం పెద్దామె పియానో పక్కన నిలబడి ఉంది. కింద నేల ఇంకా తడిగానే ఉంది. నర్సు ఒక స్వరం మోగించింది. ఆగలేదు. ఇంకోటి మోగించింది. రెండూ కలిసి గుయ్‌మని ఒకటే రొద.

"వింటివా అన్నా? పాట కాదిది, తేనెటీగల తుట్టె," అంది నర్సు.

"ప్రేమతోనే చేసినాం కదమ్మా," అంది పెద్దామె.

"ప్రేమకు చింతపండు ఎందుకు పెద్దమ్మా?"

పాస్టరయ్య వచ్చి విన్నాడు. "టీచరమ్మ మాట నాకూ తెలుసు. అయితే బండి ఆత్మకూరు నుంచి కూడా జనం వస్తాండారు. పాట నడుమ ఇది మొండికేస్తే ఆమెకే చిన్నతనం. సాయంత్రం ఆరు దాకా చూస్తా. కాకుంటే కీబోర్డే," అన్నాడు. కీబోర్డు అప్పటికే గోడ పక్కన, కవరు కూడా తీసి, సిద్ధంగా ఉంది.

కింది చెక్క పలక ఊడదీశాం. పెడల్ నుంచి వచ్చే చెక్క మీట నీళ్లు పీల్చుకుని ఉబ్బి, దాని దారిలోనే బిగుసుకుపోయింది. చెక్క ఆరితే గానీ కదలదు. వేడిగాలి పెడదామని ఎవరో అన్నారు. నర్సు ఒప్పుకోలేదు, పగులుతుందని. అందుబాటులో ఉన్న గుడ్డలన్నీ అద్ది తడి తీసి, దూరంగా టేబుల్ ఫ్యాను పెట్టాం. పెడళ్లను చూశాను. చింతపండు పులుపుకు కుడిదీ మధ్యదీ గులాబీ రంగుకు తిరిగాయి. వాటిని మెల్లగా బాగుచేసుకోవచ్చు. ఎడమ పెడల్ నడుమ పూత పోయి ఇనుము కనబడుతోంది. అది ఇక రాదు. పెద్దామె దాని మీద వేలు పెట్టి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు పొమ్మంటాందో ఒక్కనాడన్నా చెప్పి ఉంటే..." అంది. ఆ మాటలో న్యాయం ఉంది. అత్త మంచిగా చూసుకుంది. మంచిగా చెప్పలేదు. ఆమెను తలుచుకుంటూ రాసేటప్పుడు ఇది కూడా రాయాలి.

ఐదు దాటినా మీట కదల్లేదు. అప్పుడు నర్సు పియానో లోపలికి చెయ్యి పెట్టి, మీటకూ దిమ్మలకూ మధ్య నిలువుగా ఉండే కర్ర కడ్డీని లాగి బయట పెట్టింది. దిమ్మలు తీగలకు ఆనుకున్నాయి. రొద ఆగింది. ఇప్పుడు పియానో మోగుతుంది, కానీ పెడల్ లేనట్టే. వేలు తీయగానే స్వరం తెగిపోతుంది. నర్సు శనివారం పాడాల్సిన పాటలో మొదటి చరణం వాయించి ఆపేసింది.

"టీచరమ్మకు ఇట్ల ముక్కలు ముక్కలుగా వాయించాల్నా? నా వల్ల కాదన్నా."

పాస్టరయ్య గడియారం చూసుకున్నాడు. నేను అత్తకు ఒప్పుకున్న మాట చెప్పాను.

పెద్దామె కొంగు దులుపుకుని లేచింది. "యాడ తెగుతాందో చూపీమ్మా."

"ఈడ. మళ్ల ఈడ."

"ఆడ మేం ఊపిరి తీసుకోం. గొంతు ఆపం. నువ్వు రెండో స్వరం పట్టుకునే దాకా మేం సాగదీస్తాం. వాయించు."

చేతులకు ఇంకా ఇటుకపొడి ఎరుపు అంటుకుని ఉన్న ఆడవాళ్లు పది పన్నెండు మంది పియానో చుట్టూ చేరారు. మొదటిసారి కుదరలేదు. సగం మంది పాత అలవాటున ఊపిరి తీసుకున్నారు. రెండోసారి, స్వరం తెగిన చోట వాళ్ల గొంతు నిలబడింది, నర్సు వేళ్లు తర్వాతి స్వరం మీద పడేదాకా. పాస్టరయ్య వెళ్లి కీబోర్డు ప్లగ్ తీసేశాడు.

ఇది శుక్రవారం సాయంత్రం రాస్తున్నాను. శనివారం ఉదయం ఏడున్నరకు సమాజం వాళ్లు మరోసారి సాధనకు వస్తారు. తొమ్మిదికి అత్త పార్థివ దేహం ఆళ్లగడ్డ నుంచి చర్చికి చేరుతుంది. ఆరాధన పది గంటలకు. మొదటి పాట పియానో మీద.